దుంపన్న గురించి తుర్రి చెప్పిన కబురు

అనగనగా ఒక అడవిలో అనగానే, వెనకే సింహం వస్తుందని ఎదురుచూస్తారు మీరు. రాదు. ఈ అడవిలో సింహం లేదు. గుండ్లవాగు అని ఒక వాగు ఉంది. ఆ వాగు ఒడ్డున ఒక బడి ఉంది. ఆ బడికి గోడలు లేవు. ఐదు చెట్లు, ఐదు తరగతులు, అంతే. ఒకటో తరగతి ఉసిరిచెట్టు కింద, ఐదో తరగతి పెద్ద మద్దిచెట్టు కింద. పిల్లలు ఏడాదికో చెట్టు చొప్పున జరుగుతూ పోవాలి. కొందరు ఒకే చెట్టు కింద రెండేళ్లు కూర్చున్నారు. వాళ్ల పేర్లు మనకెందుకులెండి.

బడికి పెద్ద మాస్టారు ఈటెయ్య గారు. ఆయన ముళ్లపంది. ఒళ్లంతా ముళ్లే గానీ మనసు వెన్న. కోపం వస్తే ఆయన ముళ్లు గలగలమనేవి. సంతోషం వచ్చినా అలాగే గలగలమనేవి. ఏ చప్పుడు కోపమో, ఏ చప్పుడు సంతోషమో తెలుసుకోడానికి పిల్లలకి ఒకటో తరగతంతా సరిపోయేది. ఒంటి మీంచి రాలిన ముల్లుతోనే ఆయన మోదుగాకుల మీద హాజరు రాసేవారు.

ఆ బడిలో ఏడాది చివరి రోజున కబుర్ల పండుగ జరిగేది. అమ్మలూ నాన్నలూ, తాతలూ అమ్మమ్మలూ అందరూ వచ్చేవారు. ఏడాది పొడుగునా పిల్లలు ఏమేం సాధించారో ఆ రోజు అందరి ముందూ చెప్పేవారు. అయితే దానికో కట్టుబాటు ఉంది. ఎవరి గొప్ప వాళ్లు చెప్పుకోకూడదు. వాళ్ల అమ్మానాన్నలు అసలే చెప్పకూడదు. ఇంకో పిల్లో పిల్లాడో లేచి చెప్పాలి. అదీ కళ్లారా చూసిందే చెప్పాలి. ఎవరో అనగా విన్నది చెల్లదు.

చివరి వారంలో మాస్టారు పిల్లల పేర్లు ఆకుల మీద రాసి, ఒక్కో ఆకునీ తన వీపు మీది ఒక్కో ముల్లుకి గుచ్చుకుని మద్దిచెట్టు ముందున్న మట్టిగట్టు మీద కూర్చునేవారు. పిల్లలు వరసగా వచ్చి, ఒళ్లు గీరుకుపోకుండా జాగ్రత్తగా, తలా ఒక ఆకు లాక్కోవాలి. ఎవరి పేరు చేతికొస్తే వాళ్ల కబురు చెప్పాలి. అందువల్ల ఏప్రిల్ చివరికి వచ్చేసరికి ఆ పిల్లలంతా ఒకళ్ల వెనక ఒకళ్లు తిరుగుతూ, ఎదుటివాడిలో మంచి ఎక్కడుందా అని వెతికేవారు. నేను చాలా బళ్ల గురించి విన్నాను. ఇలాంటి బడి గురించి మాత్రం ఇంకెక్కడా వినలేదు.

ఆ బడిలో ఐదో తరగతి చదివే ఉడుతపిల్ల పేరు తుర్రి. చురుకైనదే. ఒక్కచోట నిలవదు. కానీ మహా మతిమరుపు. పలక ఎక్కడ పెట్టిందో గుర్తుండదు. నేర్చిన ఎక్కం గుర్తుండదు. ఒకసారి తమ్ముణ్ణి బడికి తీసుకొచ్చి, సాయంత్రం వాణ్ణి వదిలేసి ఒక్కతే ఇంటికి పోయింది. మూడో తరగతిలో ఉండగా కబుర్ల పండుగ నాడు తుర్రి పేరు వచ్చిన కుందేలుపిల్ల పాపం ఎంత వెతికినా ఏమీ దొరక్క, "తుర్రి ఈ ఏడు రెండు పలకలే పోగొట్టుకుంది" అని చెప్పి కూర్చుంది. అందరూ నవ్వారు. తుర్రి కూడా నవ్వింది. ఇంటికెళ్లాక మాత్రం తోకలో మొహం దాచుకుని చాలాసేపు ఏడ్చింది.

ఐదో తరగతిలోకి వచ్చిన ఏడు, జూలైలో వానలు బాగా పడ్డాక, మాస్టారు పిల్లలకి తలా పది ఇప్పగింజలు ఇచ్చారు.

"అదిగో, ఎదురుగా బోడిగట్టు చూశారా" అన్నారు ఆయన. "నాలుగేళ్ల కిందట మంటలు లేచి ఆ గట్టు మీద చెట్లన్నీ కాలిపోయాయి. మీరంతా అక్కడ ఈ గింజలు పాతండి. ఏప్రిల్ దాకా మొక్కల్ని కాపాడండి. ఎవరి మొక్కలు ఎక్కువ బతికితే వాళ్లకి కబుర్ల పండుగ నాడు ఆకుకిరీటం పెడతాను. వాళ్ల పేరు వడ్రంగిపిట్ట చేత ఈ మద్దిమాను మీద చెక్కిస్తాను. మాను ఉన్నన్నాళ్లూ ఆ పేరు ఉంటుంది." తర్వాత తుర్రి వైపు తిరిగి, "గింజలు తినకూడదు" అని కూడా అన్నారు.

పిల్లలందరూ గట్టు కింద, వాగుకి దగ్గరలో, మట్టి మెత్తగా ఉన్నచోట గింజలు పాతారు. చుట్టూ గులకరాళ్లు పేర్చి, ఇది నా మడి, అది నీ మడి అని పంచుకున్నారు. తుర్రికి అంత ఓపిక ఎక్కడిది. గింజలు బుగ్గలో పెట్టుకుని గట్టు పైకి ఎక్కేసింది. ఉడుతలంతా చేసేదే తనూ చేసింది. ఇక్కడొకటి, అక్కడొకటి దాచేసి కిందికి దిగింది. దిగేలోపే ఎక్కడ దాచిందో మర్చిపోయింది.

ఆ తరగతిలోనే దుంపన్న అని ఒక అడవిపంది పిల్లాడు ఉన్నాడు. మాస్టారి జాతి పేరులోనూ పంది ఉంది కదా అని చుట్టరికం కలపకండి, వాళ్లకీ వీళ్లకీ ఏ బంధుత్వమూ లేదు. దుంపన్నది మెత్తటి నోరు, గట్టి ముక్కు. మట్టి కనపడితే ఆ ముక్కు ఆగదు. గింజలు పాతిన రెండో రోజే వానపాముల వాసన తగిలి, వాడు తన మడి మొత్తం తిరగేశాడు. పక్కనున్న రెండు మళ్లు కూడా తిరగేశాడు. నెమలిపిల్లాడు నీలయ్య లబోదిబోమన్నాడు. మాస్టారి ముళ్లు గలగలమన్నాయి. అది కోపమని ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలిసిపోయింది.

"దుంపన్నా, ఇవాళ్టి నుంచి నువ్వు మొక్కల దగ్గరికి రాకూడదు" అన్నారు మాస్టారు.

దుంపన్న తల వంచుకుని, "అలాగేనండీ" అన్నాడు. వాళ్లమ్మ కందమ్మని పిలిపించారు. ఆవిడ వచ్చి, అందరి ముందూ తలొంచుకుని నిలబడి, కొడుకుని వెంటబెట్టుకుని పోయింది.

నెలలు గడిచాయి. చలికాలం పోయి ఎండలు ముదిరాయి. వాగు చిక్కిపోయింది. కింది మళ్లలో మొక్కలు ఒక్కొక్కటే వాడిపోసాగాయి. లేడిపిల్లకి నాలుగు మిగిలాయి. నీలయ్యకి రెండు. వాడు తన మొలకల్ని తనే పొడుచుకుని తిన్నాడని తర్వాత తెలిసింది. ఏప్రిల్ నెలలో ఒకరోజు మాస్టారు గట్టు పైదాకా ఎక్కి చూసి, గబగబా దిగివచ్చారు. ముళ్లు గలగలమంటున్నాయి. ఈసారి అది సంతోషం.

"పైన తొమ్మిది ఇప్పమొక్కలు ఉన్నాయి. జానెడు జానెడు ఎత్తున, పచ్చగా ఉన్నాయి" అన్నారు ఆయన. "పైన గింజలు పాతింది ఎవరు?"

"తుర్రి ఒక్కతేనండీ" అన్నారు పిల్లలంతా.

ఇక తుర్రి కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంటికి చేరేలోపే వార్త చెట్టంతా పాకింది. అమ్మమ్మ ముసలి ఉడుత. ఆవిడ ఆనందం పట్టలేక ప్రతి కొమ్మకీ వెళ్లి, "మా మనవరాలే. ఎప్పుడూ ఏదో ఒకటి పోగొట్టుకుంటుందని అనేవారు కదా మీరంతా. ఇప్పుడనండి" అని నిలదీసి వచ్చింది. చుట్టాలు నలభైమంది పండుగకి వస్తామని కబురు పంపారు. వడ్రంగిపిట్ట మానుని కొలుచుకుని, "తుర్రి. రెండక్షరాలే. పొద్దున మొదలెడితే మధ్యాహ్నానికి అయిపోతుంది" అన్నాడు.

గింజలు ఎక్కడ పాతిందో తుర్రికే గుర్తులేదు. కాబట్టి అవి తనవి కావేమో అన్న అనుమానం కూడా రాలేదు.

పండుగకి వారం ఉందనగా మాస్టారు ఆకులు గుచ్చుకుని మట్టిగట్టు మీద కూర్చున్నారు. నీలయ్య ఆకు లాగి చూసి ఎగిరి గంతేశాడు.

"తుర్రీ, నాకు నీ పేరే వచ్చింది. తొమ్మిది మొక్కల మీద పాట కట్టి మరీ చెప్తాను చూడు" అన్నాడు.

తుర్రి కూడా ఆకు లాగింది. దాని మీద దుంపన్న అని ఉంది. తుర్రి ఉత్సాహమంతా నీరుగారిపోయింది. దుంపన్న గురించి ఏం చెప్పాలి? రోజూ ఆలస్యంగా వస్తాడు. ఒళ్లంతా ఎండిన బురదతో వస్తాడు. వాడు కూర్చుని లేచినచోట అర బస్తా మట్టి రాలుతుంది. ఇవన్నీ కళ్లారా చూసినవే. అయితే ఇవి కబుర్లు కావు, ఫిర్యాదులు. సరే, వెతికితే ఏదో ఒకటి దొరక్కపోతుందా అని బయల్దేరింది.

ముందు కోతిపిల్లాడు గెంతయ్యని అడిగింది.

"దుంపన్న ఏదైనా మంచి పని చేయగా చూశావురా?"

గెంతయ్య తల గోక్కున్నాడు. "మంచి పనా? బడికి వస్తాడు కదా. వచ్చి బురద రాలుస్తాడు. అంతకుమించి నేనేం చూడలేదే" అన్నాడు.

తర్వాత తాబేలుపిల్ల మెల్లిని అడిగింది. మెల్లి కాసేపు ఆలోచించింది. మెల్లి ఏది చేసినా కాసేపు పడుతుంది.

"మంచో చెడో నాకు తెలీదు తుర్రీ. నేను తెల్లారకముందే నడుస్తూ ఉంటాను కదా. రోజూ దారిలో కనిపిస్తాడు. ఒళ్లంతా తడి బురదతో బోడిగట్టు పైకి పోతూ ఉంటాడు. దిగేటప్పుడు తడి ఉండదు. మళ్లీ బురదగుంటలోకి పోతాడు, మళ్లీ ఎక్కుతాడు. ఎందుకో నేనడగలేదు. అడిగేలోపు వెళ్లిపోతాడు" అంది.

ఆఖరికి తుర్రి దుంపన్న వాళ్లింటికే వెళ్లింది. వెదురుపొద కింద కందమ్మ నేల చదును చేస్తోంది. బడిపిల్ల వస్తోందని చూడగానే ఆవిడ మొహం వాడిపోయింది.

"ఏం చేశాడమ్మా మావాడు ఈసారి? మాస్టారు రమ్మన్నారా?" అని అడిగింది.

"లేదత్తా, ఎవరూ రమ్మనలేదు" అంది తుర్రి.

"నాతో చెప్పడానికి భయపడకమ్మా. నాకు అలవాటే. ఐదేళ్లలో బడి నుంచి వచ్చిన ప్రతి పిలుపూ ఫిర్యాదే. వాడికి ఎంత చెప్పినా చీకటితో లేచి ఎక్కడికో పోతాడు. ఎక్కడికిరా అంటే నవ్వుతాడు. పండుగకి కూడా వస్తాను గానీ వెనకే నిలబడతాను తల్లీ. నలుగురిలో నవ్వితే తట్టుకోలేను" అంది కందమ్మ.

తుర్రికి మూడో తరగతిలో రెండు పలకల కబురు విని తన అమ్మ ఎలా నవ్విందో గుర్తొచ్చింది. అది నవ్వు కాదని ఇప్పుడు తెలిసింది.

మర్నాడు తెల్లవారుతుండగా తుర్రి బురదగుంట పక్కనున్న చెట్టెక్కి కూర్చుంది. దుంపన్న వచ్చాడు. గుంటలో పడి అటూ ఇటూ పొర్లాడు. మెడ దాకా, చెవుల దాకా, ఒళ్లంతా తడి బురద పట్టించుకున్నాడు. లేచి బోడిగట్టు వైపు నడిచాడు. మామూలుగా నడిచినట్టు కాదు. ఒక్క బొట్టు జారిపోకూడదన్నట్టు మెల్లగా, ఆచితూచి అడుగులేస్తూ నడిచాడు. తుర్రి రాళ్ల చాటున వెంటపడింది.

పైకి చేరాక వాడు మొదటి మొక్క దగ్గర ఆగాడు. ఒళ్లు గట్టిగా విదిలించాడు. ఒక పక్కనున్న తడి బురదంతా మొక్క మొదట్లో పడింది. ఆ పక్క మిగిలింది నేలకి రాసి దించాడు. ముక్కుతో దాన్ని మొక్క చుట్టూ పాదులా సర్దాడు. తర్వాత రెండో మొక్క దగ్గరికి వెళ్లి రెండో పక్క ఒళ్లు విదిలించాడు. దాంతో బురద అయిపోయింది. మళ్లీ దిగాడు, మళ్లీ పొర్లాడు, మళ్లీ ఎక్కాడు. ఒక్కసారికి రెండు మొక్కలు తడుస్తున్నాయి. తొమ్మిది మొక్కలకి ఐదుసార్లు ఎక్కిదిగాడు. ఐదోసారికి వాడి కాళ్లు వణుకుతున్నాయి. ఎండ చురుక్కుమంటోంది. అప్పుడు కింద బడిగంట మోగింది.

తుర్రి కళ్లు విప్పార్చుకుని ఆ మొక్కల వైపు చూసింది. అప్పుడు గమనించింది. తొమ్మిదీ ఒకే వరసలో ఉన్నాయి. కాస్త వంకరగా ఉన్నా వరసే. ఏ ఉడుతా వరసగా గింజలు పాతదు. పైగా ఆ వరస పొడుగునా నేల మెత్తగా తిరగేసి ఉంది. అలా తిరగేసే ముక్కు ఆ బడిలో ఒక్కటే ఉంది.

రాయి చాటు నుంచి తుర్రి బయటికొచ్చింది. దుంపన్న ఉలిక్కిపడ్డాడు.

"ఇవి నా గింజలేనా దుంపన్నా?" అని అడిగింది.

"నీవే" అన్నాడు వాడు నేల చూపులు చూస్తూ. "నువ్వు రాతి సందుల్లో పెట్టి పోయావు. అక్కడ మట్టి లేదు. ఎలా మొలుస్తాయి? వాసన తగిలి నేను బయటికి లాగాను. ఒకటి తినేశాను కూడా. రెండోది తినబోతుంటే నీ పంటి గాటు కనపడింది. బడి గింజలు తినకూడదన్నారు కదా. అందుకని మిగతావి ఇక్కడికి తెచ్చి, నేల తిరగేసి పెట్టాను."

"రోజూ ఇలా బురద మోస్తున్నావా?"

"వానలున్నప్పుడు అక్కర్లేకపోయింది. సంక్రాంతి దాటాక మొదలెట్టాను. వాగు దూరమైపోయింది కదా. నాకు బిందె మోయడం రాదు. ఇదొక్కటే వచ్చు."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"నన్ను మొక్కల దగ్గరికి రావద్దన్నారు. తెలిస్తే మళ్లీ మా అమ్మని పిలిపిస్తారు. నువ్వూ చెప్పకు తుర్రీ. గింజలు నీవి, మొక్కలూ నీవే. నాకు కిరీటం ఎందుకు? నా పేరు నీకే వచ్చిందట కదా. దుంపన్న బాగా తింటాడని చెప్పు. అదీ నిజమే" అన్నాడు. అని బడికి పరుగెత్తాడు. ఆ రోజు కూడా మాస్టారు వాడి పేరు పక్కన 'ఆలస్యం, బురద' అని రాశారు.

తుర్రి ఇంటికొచ్చి అమ్మమ్మ దగ్గర కూర్చుని అంతా చెప్పింది. ఆ ముసలి ఉడుత మనవరాలి తల నిమిరింది.

"గింజలు నీవే కదే" అంది. "ఆ పిల్లాడే చెప్పొద్దన్నాడు. ఇందులో నువ్వాడిన అబద్ధం ఏముంది? వాడు బాగా తింటాడని చెప్పేసి, నీ కిరీటం నువ్వు పెట్టుకో. ఊరంతా చాటింపు వేశాను తల్లీ. చుట్టాలంతా బయల్దేరి వస్తున్నారు."

నిజమే. ఇందులో అబద్ధం ఏమీ లేదు. తుర్రికి కుదురు లేకుండా చేసింది కూడా అదే. చెబితే దుంపన్నకి తిట్లు పడతాయేమో అన్న భయం కొంత ఉంది. చెబితే కిరీటం పోతుందన్న భయం కొంత ఉంది. ఏ భయం ఎంతో తుర్రి తేల్చుకోలేకపోయింది. నాకు తెలుసు గానీ నేను చెప్పను. మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఇరకాటంలో పడే ఉంటారు. పండుగ వరకూ తుర్రి "దుంపన్న బాగా తింటాడు" అన్న మాటని ముందు నుంచి, వెనక నుంచి పదేపదే అనుకుని చూసింది. ఎలా అనుకున్నా అది ఒక అడవిపంది గురించి చెప్పదగ్గ కబురులా అనిపించలేదు.

కబుర్ల పండుగ రోజు వచ్చింది. మద్దిచెట్టు కొమ్మలన్నీ ఉడుతలతో నిండిపోయాయి. అమ్మమ్మ అందరికంటే కింది కొమ్మ మీద, అందరికంటే ముందు కూర్చుంది. వడ్రంగిపిట్ట ముక్కు నూరుకుని సిద్ధంగా ఉన్నాడు. కందమ్మ మాత్రం చివర్లో, పొదల పక్కన, సగం అటు తిరిగి నిలబడింది.

కబుర్లు మొదలయ్యాయి. గెంతయ్య లేచి, "మెల్లి ఈ ఏడు ఒక్కరోజు కూడా బడి మానలేదు. సోమవారం బడికి ఆదివారం మధ్యాహ్నమే బయల్దేరడం నేను చూశాను" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మెల్లి మెడ లోపలికి లాక్కుంది.

కౌజుపిట్ట పిల్ల లేచి, "గెంతయ్య పదమూడో ఎక్కం పాఠమంతా కదలకుండా కూర్చున్నాడు. నేను పక్కనే ఉండి చూశాను. తోక ఒక్కసారే కదిలింది" అంది. కోతుల గుంపు ముక్కున వేలేసుకుంది. వాళ్ల వంశంలో అంతసేపు కుదురుగా కూర్చున్నవాడు ఇంతవరకూ పుట్టలేదట.

కుందేలుపిల్ల లేచి, "లేడిపిల్ల రోజూ సాయంత్రం వాళ్ల నాయనమ్మకి అక్షరాలు నేర్పింది. నిన్న ఆవిడ తన పేరు తనే ఇసకలో రాసుకుంది" అని చెప్పింది. ఆ నాయనమ్మ వరసలో లేచి నిలబడింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు.

తర్వాత తుర్రి వంతు వచ్చింది. మట్టిగట్టెక్కి నిలబడింది. ముందు అమ్మమ్మ కనిపించింది. దూరంగా కందమ్మ కనిపించింది. ఆవిడ అప్పటికే వెళ్లిపోవడానికి ఒక అడుగు వేసింది. తుర్రి ఆ అడుగు చూసింది.

"నేను దుంపన్న కబురు చెప్తాను" అంది. "దుంపన్న రోజూ బడికి ఆలస్యంగా వస్తాడు. ఒళ్లంతా బురదతో వస్తాడు."

అక్కడక్కడ నవ్వులు వినిపించాయి. కందమ్మ తల వంచుకుంది.

"ఎందుకంటే" అని తుర్రి గట్టిగా అంది, "వాడు తెల్లారగానే గుంటలో పొర్లి, ఆ తడి బురదని ఒంటి మీద మోసుకుంటూ బోడిగట్టు ఎక్కుతాడు. పైనున్న ఇప్పమొక్కల మొదట్లో దాన్ని విదిలిస్తాడు. తొమ్మిది మొక్కలకి ఐదుసార్లు ఎక్కుతాడు, ఐదుసార్లు దిగుతాడు. సంక్రాంతి తర్వాత నుంచీ రోజూ చేస్తున్నాడు. నేను ఆ గింజల్ని రాతి సందుల్లో పడేసి మర్చిపోయాను. వాటిని తీసి, నేల తిరగేసి, వరసగా పెట్టింది వాడే. ఆ మొక్కల్ని బతికించింది నేను కాదు. కిరీటం నాది కాదు మాస్టారండీ."

నవ్వులు ఆగిపోయాయి.

"కళ్లారా చూశావా?" అని అడిగారు మాస్టారు.

"బురద మోయడం కళ్లారా చూశాను. మిగతాది వాడు చెప్పగా విన్నాను. కానీ ఆ వరస చూస్తే మీకే తెలుస్తుంది" అంది తుర్రి.

మాస్టారి ముళ్లు నిక్కబొడుచుకున్నాయి. చప్పుడు మాత్రం రాలేదు. కోపమో సంతోషమో ఐదో తరగతివాళ్లకి కూడా అంతుపట్టలేదు. ఆయన దుంపన్నని ముందుకి పిలిచారు. వాడు వచ్చి నిలబడ్డాడు.

"మొక్కల దగ్గరికి రావద్దని నేను చెప్పానా?"

"చెప్పారండీ."

"అయినా వెళ్లావు."

"ఎండిపోతున్నాయండీ" అన్నాడు దుంపన్న.

మాస్టారు హాజరు ఆకుల కట్ట తీసి అందరికీ చూపించారు.

"ఇందులో వీడి పేరు పక్కన రోజూ 'ఆలస్యం, బురద' అని రాశాను. ఎందుకు ఆలస్యమైంది నాయనా, ఎక్కడిది ఈ బురద అని ఒక్కరోజు కూడా అడగలేదు. పిల్లల్లో మంచిని వెతకమని మీ అందరికీ నేర్పింది నేనే. వెతకనిదీ నేనే. తప్పు నాది దుంపన్నా" అన్నారు.

అంటూనే ఆకుకిరీటం తీసి వాడి తల మీద పెట్టారు. ఉడుత తలకని అల్లిన కిరీటం అది. వాడి చెవి మీద వేలాడింది. వడ్రంగిపిట్ట, "ఒక అక్షరం పెరిగింది, సాయంత్రం దాకా పడుతుంది మరి" అంటూనే మాను మీద వాలి పని మొదలెట్టాడు. అడవంతా చప్పట్లతో దద్దరిల్లింది. చప్పట్ల మధ్య తుర్రి మెల్లగా గట్టు దిగింది. గుండె బరువుగానే ఉంది. కిరీటం పోయిన బాధ అంత తొందరగా పోతుందా ఎవరికైనా?

ఆఖరున నీలయ్య లేచాడు. తుర్రి కబురు చెప్పాల్సింది వాడు. వారం రోజులు కష్టపడి తొమ్మిది మొక్కల మీద పాట కట్టుకున్నాడు పాపం. నోరు తెరిచాడు, మూశాడు.

"నా పాట ఇక పనికిరాదు" అన్నాడు. "మొక్కలు దుంపన్నవని తేలిపోయింది. చూసిందే చెప్పాలి కదా. అందుకని ఇప్పుడు చూసింది చెప్తాను. మాను మీద తుర్రి పేరు చెక్కడానికి పిట్ట సిద్ధంగా కూర్చుని ఉన్నాడు. చుట్టాలంతా చూస్తున్నారు. నోరు మూసుకుని ఉంటే చాలు, ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. తుర్రి నోరు మూసుకోలేదు. నేనైతే మూసుకునేవాణ్ణి. ఇది నేను కళ్లారా చూశాను. మీరంతా కూడా చూశారు."

అప్పుడు మాస్టారి ముళ్లు గలగలమన్నాయి. అంత చప్పుడు ఆ బడిలో ఎప్పుడూ వినలేదంటారు. కింది కొమ్మ మీద ముసలి అమ్మమ్మ ఏడుస్తూనే, పక్కవాళ్లతో "మా మనవరాలే" అంటోంది. ఈసారి ఆ మాట మెల్లగా అంది.

చప్పట్లు సద్దుమణిగాక కందమ్మ పొదల దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చింది. ఆ ఐదేళ్లలో ఆవిడ ఫిర్యాదు వినడానికి తప్ప ముందుకి రాలేదు. అందరూ జరిగి దారి ఇచ్చారు. ఆవిడ ముందు వరసలో, సరిగ్గా గట్టు ఎదురుగా కూర్చుంది.

"మాస్టారూ, నాకు వెనక సరిగా వినపడలేదు. ఆ పాప మావాడి కబురు ఇంకోసారి చెప్తుందేమో అడగండి" అంది.

వెనక కూర్చున్న ముసలి కొంగకి కూడా ప్రతి ముక్కా వినపడింది. కందమ్మకీ వినపడిందని అందరికీ తెలుసు. ఆ మాట ఎవరూ అనలేదు. మాస్టారు తుర్రి వైపు చూసి తలూపారు. తుర్రి మళ్లీ గట్టెక్కింది. కందమ్మ కళ్లలోకి చూస్తూ, దుంపన్న కబురు మొదటి నుంచి మళ్లీ నిదానంగా చెప్పింది.

నీతి: మనకు దక్కిన మెప్పు వెనక ఇంకొకరి కష్టం ఉంటే, దాన్ని నలుగురి ముందూ చెప్పగలిగినవాళ్లదే అసలైన గెలుపు.